పాత కారు, ఇంకో సంతకం



కారు చూశారు, నచ్చింది. ఇంట్లోవాళ్లు వెనక సీట్లో కూర్చుని కాళ్లు చాపి చూశారు, వాళ్లకీ నచ్చింది. బేరమాడి ఓ పది వేలు తగ్గించారు, ఏదో గెలిచినట్టుంది. టోకెన్ డబ్బు ఫోన్‌లో పంపేశారు. సరిగ్గా అప్పుడు ఎదుటి కుర్చీలోని అబ్బాయి ఇంకో కాగితం మీ ముందుకి జరుపుతాడు. "సార్, బస్ ఏక్ ఔర్ సైన్. ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఏడాదికి పదిహేను వేలే, జీఎస్టీ అదనం. సబ్ లేతే హైఁ."

అందరూ తీసుకుంటున్నారట. మనం తీసుకోవాలా, వద్దా? ఇవాళ్టి ప్రసంగం దాని గురించే. పదిహేను వేలన్నది ఉదాహరణకి చెప్పాను. కారుని బట్టి, దాని వయసుని బట్టి ఆ అంకె మారుతుంది. అడిగే సమయం మాత్రం మారదు. అయిదు లక్షలకి మనసు సిద్ధపడ్డాక పదిహేను వేలు చిల్లరలాగా కనిపిస్తాయి. ఆ సంగతి అమ్మేవాళ్లకి మనకంటే బాగా తెలుసు. అదే కాగితం మొదటిరోజు, బేరం మొదలవకముందే చూపించి ఉంటే మనం పదహారు ప్రశ్నలు వేసేవాళ్లం.

నేనుండేది ఇందిరాపురంలో. ఢిల్లీ దాటి, హైవే పక్కన, ఘజియాబాద్ అభివృద్ధి సంస్థ వేసిన కాలనీలు ఇవి. పేటల పేర్లు అహింసా ఖండ్, నీతి ఖండ్, న్యాయ ఖండ్, జ్ఞాన ఖండ్, అభయ ఖండ్, వైభవ ఖండ్. జాగ్రత్త ఖండ్ ఒక్కటే వేయడం మర్చిపోయారు. ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నాం. హైవే దాటితే నోయిడా సెక్టర్ 62, 63 సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. ఇటు సాహిబాబాద్‌లో భారత్ ఎలక్ట్రానిక్స్. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు సరే సరి. చాలామందిమి కొన్నేళ్లు ఉండి హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో వెళ్లిపోయేవాళ్లమే. అందుకే కొత్త కారు మీద పది, పన్నెండు లక్షలు పోయడం ఎందుకని పాత కారు వెతుకుతాం. ఆ ఆలోచన మంచిదే. కానీ వారంటీ విషయంలో మన ఈ రాకపోకలే ఒక చిక్కు తెచ్చిపెడతాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పాత కార్ల బజారు మీద ప్రపంచంలో అన్నిటికంటే పేరొందిన వ్యాసానికీ మన ఢిల్లీకీ చిన్న చుట్టరికం ఉంది. 1967లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న జార్జ్ అకర్లాఫ్ అనే ఇరవై ఏడేళ్ల ఆర్థికవేత్త ఒక వ్యాసం రాసి పెద్ద పత్రికకి పంపి, ఏడాదిపాటు పనిచేయడానికి ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. వ్యాసం పేరులో నిమ్మకాయలున్నాయి. అమెరికావాళ్లు కొని మోసపోయిన కారుని అలా అంటారు. ఆయన ఇండియాలో ఉండగానే ఆ పత్రిక నుంచి జవాబొచ్చింది. ఇంత అల్పమైన విషయాలు మేం ప్రచురించం అని. తర్వాత ఇంకో రెండు పత్రికలూ తిప్పి పంపాయి. చివరికి 1970లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్ వేసింది. 2001లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన చెప్పింది ఇది. కారు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మంచి కారు అయిదు లక్షలు, చెడ్డది మూడు లక్షలు చేస్తుందనుకోండి. ఏది ఏదో మీకు తెలియదు కాబట్టి మధ్యేమార్గంగా నాలుగు లక్షలిస్తానంటారు. మంచి కారున్నవాడు నాలుగుకి ఎందుకిస్తాడు? బండి ఇంటికి తోలుకుపోతాడు. చెడ్డ కారువాడు మాత్రం సంతోషంగా చెయ్యి కలుపుతాడు. అలా మంచివి తప్పుకున్నకొద్దీ బజారులో మిగిలేవి నాసిరకం. ధర ఇంకా పడుతుంది, ఇంకొన్ని మంచివి తప్పుకుంటాయి. ఎవడూ పెద్ద మోసం చేయనక్కరలేదు. ఒకడికి తెలిసి ఇంకొకడికి తెలియకపోతే చాలు, బజారు దానంతటదే పాడవుతుంది.

ఆ వ్యాసంలో మన వంటిల్లు కూడా కనిపిస్తుంది. ఇండియాలో ఇల్లాళ్లు బజారు నుంచి తెచ్చిన బియ్యంలో, బియ్యం రంగులోనే, బియ్యం ఆకారంలోనే ఉండేట్టు చూసి కావాలని కలిపిన రాళ్లు ఏరుకోవాల్సి వస్తుందని రాశాడాయన. ఈ మాటలు వింటున్న పెద్దవాళ్లకి చేటలు, మధ్యాహ్నం అరుగులు గుర్తొచ్చే ఉంటాయి. పాత కారు కొనడమూ ఆ పనే. అన్నం నోట్లో పెట్టుకున్నాక రాయి తగిలితే పోయేది పన్ను, కారైతే గేర్‌బాక్సు.

దీనికి మందుగా అకర్లాఫ్ చెప్పిన వాటిలో మొదటిది గ్యారంటీ. అమ్మేవాడు గ్యారంటీ ఇస్తే నష్టభయం కొనేవాడి నెత్తిమీంచి అమ్మేవాడి నెత్తికి మారుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నెత్తి మారాలి, అదీ అసలు విషయం. ఇంజను పోతే ఆరునెలల వరకు ఖర్చు నాదే అని కారు ధరలోనే కలిపి ఇచ్చినవాడు, ఆ ఇంజను తెరిచి చూసుకునే ఉంటాడు. లేకపోతే మునిగేది తనే. కానీ "కారు ఇంతకి తీసుకోండి, దాని మీద నమ్మకం కావాలంటే ఇంకో పదిహేను వేలివ్వండి" అన్నాడంటే, నష్టభయం వాడి నెత్తికెక్కలేదు. మన భయాన్ని మనకే ఇంకోసారి అమ్ముతున్నాడు, పైగా మధ్యలో కమీషన్. కాబట్టి నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. డబ్బు తీసుకోకుండా మీరెంత కాలం పూచీ ఉంటారు? దానికొచ్చే జవాబు కారు గురించి చాలా చెబుతుంది.

కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి. పూచీ ఉంటానంటే ఎవరొస్తారు? ఇంజను శబ్దం విని భయపడినవాళ్లే ముందుగా వస్తారు. నూనె మార్చనివాడు, ఎర్ర దీపం వెలిగినా తోలేవాడు కూడా వస్తాడు. అందుకే వాళ్లు ధర పెంచుతారు, షరతులు గుప్పిస్తారు. సన్న అక్షరాలన్నీ దుర్మార్గం కావు. ఎవరి భయం వాళ్లది. కాకపోతే వాళ్ల భయానికి వకీళ్లున్నారు, మన భయానికి మన కళ్లద్దాలే దిక్కు.

మార్కెట్లో దొరికే కాగితాలు ప్రధానంగా మూడు రకాలు. అన్నిటికంటే గట్టిది కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే పొడిగింపు. అది సాధారణంగా మొదటి వారంటీ ముగియకముందే తీసుకోవాలి, కారుతోపాటు కొత్త యజమానికి బదిలీ అవుతుంది. మారుతీ సుజుకీ సంగతి తీసుకోండి. 2024 జులై దాకా కొత్త కారుకి రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఉండేది. ఆ నెలలో దాన్ని మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు చేశారు. డబ్బు కడితే ఆరేళ్లు, 1,60,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకునే వీలిచ్చారు. అంటే ఒకే మోడల్‌లో 2023 కారు, 2025 కారు పక్కపక్కనే నిలబడి ఉంటే వాటి వెనకున్న కాగితాలు వేరు. కారు అమ్మేవాడు ఈ సంగతి చెప్పకపోవచ్చు, ఒక్కోసారి వాడికే తెలియకపోవచ్చు. నంబరు రాసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, దీని వారంటీ ఎంతవరకుంది, మొదటి యజమాని పొడిగింపు తీసుకున్నాడా, నా పేరుకి మార్చాలంటే ఏం చేయాలి అని అడగండి. ఉంటే ఇంకో వారంటీ కొననే అక్కర్లేదు. ఉన్నదాని మీదే మళ్లీ డబ్బు కట్టేవాళ్లున్నారు!

రెండోది, పాత కార్లు అమ్మే సంస్థ ఇచ్చేది. మారుతీ ట్రూ వాల్యూ 2001లో మొదలైంది. తర్వాత మిగతా కంపెనీలూ పాత కార్ల దుకాణాలు తెరిచాయి. 2015లో పుట్టిన కార్స్24, స్పిన్నీ లాంటివి ఫోన్‌లోనే బజారు పెట్టాయి. పరీక్ష చేసి అమ్ముతాం, కొంతకాలం పూచీ ఉంటాం అనడం ఈ వ్యాపారానికి ఊపిరి. మూడోది, కారు తయారీతో గానీ అమ్మకంతో గానీ సంబంధం లేని వారంటీ కంపెనీ కాగితం. వీధి చివరి డీలర్ కూడా ఇది ఇప్పించగలడు. ఇక్కడ అడగాల్సింది, వెనక ఎవరున్నారని. క్లెయిము సొమ్ము ఎవరి ఖాతా నుంచి వస్తుంది? ఏదైనా బీమా కంపెనీ పూచీ ఉందా? అమెరికాలో యూఎస్ ఫిడెలిస్ అని ఇలాంటి ఒప్పందాలు టీవీ ప్రకటనలతో హోరెత్తించి అమ్మిన సంస్థ ఒకటి 2010లో దివాలా తీసింది. దాన్ని నడిపిన అన్నదమ్ములు తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగి చూడండి, నవ్వుతారు. "మీ కారు వారంటీ అయిపోవస్తోంది" అంటూ మోగే యంత్రపు ఫోన్లు అక్కడ ఇంటింటి బాధ. 2021లో మూడు నెలల్లోనే అయిదు వందల కోట్లకి పైగా అలాంటి కాల్స్ చేసిన ముఠా మీద అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2023 ఆగస్టులో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. జనం కొనని సరుకైతే ఇన్ని ఫోన్లు చేయరు కదా! లాభం లేని చోట ఇంత పట్టుదల ఉండదు.

ఇక కాగితం చదువుదాం. ఇది ఓపికతో చేయాల్సిన పని. ముందుగా ఒక తేడా. బీమా వేరు, వారంటీ వేరు. గుద్దుకుంటే, దొంగిలిస్తే, వరద ముంచితే బీమా. లోపల యంత్రం తనంతట తాను పాడైతే వారంటీ. వానాకాలంలో మన అండర్‌పాసుల్లో నీళ్లు నిలుస్తాయి. అందులోంచి బండి తోలుకుపోతే ఇంజను నీళ్లు మింగి ఆగిపోతుంది. వారంటీవాళ్లు అది నీళ్ల వల్ల పోయిందంటారు. మామూలు బీమావాళ్లు నీళ్లలో మీరే నడిపారంటారు. ఆ నష్టానికి బీమాలో ఇంజను ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకోవాలి. ఇందిరాపురంలో ఉండేవాడికి వారంటీ కంటే ముందు అదే కావాలంటాను నేను.

తర్వాత, ఏది పాడైతే ఇస్తారు? ఇంజను లోపలి భాగాలు, గేర్‌బాక్సు లోపలి భాగాలు, కొన్నిట్లో స్టీరింగ్, ఏసీ కంప్రెసరు, విద్యుత్ భాగాలు. ఇవ్వనివి? అరిగేవన్నీ. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, బెల్టులు, రబ్బరు బుష్‌లు. ఇప్పుడు మన బతుకు చూడండి. పొద్దున తొమ్మిదికి హైవే ఎక్కి అక్షర్‌ధామ్ వైపు పాకుతూ వెళ్లేవాడి కారులో ముందుగా పోయేదేంటి? క్లచ్ ప్లేటు. ఆ దారి గుంతల్లో పోయేది సస్పెన్షన్. రెండూ ఇచ్చేవాటి జాబితాలో లేనివే. కచ్చితంగా పాడయ్యేదానికి పూచీ లేదు, అరుదుగా పాడయ్యేదానికి ఉంది. కంపెనీ లెక్కలో అది సబబే. మనం మాత్రం "అన్నీ వస్తాయి సార్" అన్న మాట విని సంతకం పెడతాం.

డీజిల్ కారైతే ఇంకో మెలిక. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి పెడుతున్నారు, డీపీఎఫ్ అంటారు. బండి కొంతసేపు నిలకడగా వేగంగా నడిస్తే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. ఇందిరాపురం నుంచి సెక్టర్ 62 దాకా నాలుగు కిలోమీటర్లు ఆగుతూ వెళ్లి ఆగుతూ వచ్చే కారులో అది నిండిపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. మీ వాడకం వల్ల నిండిందంటారు. వాళ్లు చెప్పేది నిజం కూడా. అలా తిరిగేవాడు డీజిల్ కొనకపోవడమే నయం.

సీఎన్‌జీ వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫ్యాక్టరీలో బిగించిన కిట్ వేరు, బయట బిగించింది వేరు. బయటి కిట్ ఉంటే తయారీ కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక పెట్రోల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన కార్లు చాలావాటి పుస్తకంలో పది శాతం దాకా అనే ఉంటుంది. ఇంధన భాగాలు పాడైతే పెట్రోలు సాకు చూపించరు కదా అని రాతపూర్వకంగా అడగడం మంచిది. నోటిమాట వద్దు.

అసలు బరువంతా ఉండేది పరిమితుల పేజీలో. ఒక క్లెయిముకి ఎంత వరకు ఇస్తారు, ఏడాది మొత్తానికి ఎంత? కారు పాతదని భాగాల ధరలో తరుగు కోస్తారా? కూలి ఎవరిది? గేర్‌బాక్సు విప్పి చూశాక "ఇది మా పరిధిలోకి రాదు" అంటే విప్పిన ఖర్చు ఎవరిది? మొదటి నెల రోజులు పూచీ లేని గడువు ఏమైనా ఉందా? సర్వీసు వాళ్లు చెప్పిన చోటే, వాళ్లు చెప్పిన కిలోమీటర్లకే చేయించాలా? ఒక్క సర్వీసు ఆలస్యమైతే మొత్తం కాగితం చిత్తు అని రాసి ఉండొచ్చు. కొనకముందు నుంచే ఉన్న లోపానికి పూచీ లేదని ప్రతి కాగితంలోనూ ఉంటుంది. లోపం ముందు నుంచి ఉందో లేదో తేల్చేది ఎవరు? వాళ్లే. నాకు అన్నిటికంటే చికాకు కలిగించే వాక్యం అదే.

మీటరు తిప్పిన కారు మాటా చెప్పాలి. లక్షా ఇరవై వేలు తిరిగిన బండిని యాభై వేలుగా చూపిస్తారు. క్లెయిము రోజున కంపెనీ పాత సర్వీసు రికార్డు తీసి, మీటరు అబద్ధమని తేల్చి, వారంటీ రద్దు చేస్తుంది. తిప్పినవాడు మీరు కాకపోయినా సరే, నష్టం మీదే. కంపెనీ క్లెయిము రోజున చూసే రికార్డుని మీరు కొనే రోజునే చూడమంటాను. బండి రిజిస్ట్రేషన్ వివరాలు ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్‌లోనే దొరుకుతాయి. ఎన్నో యజమాని, అప్పు ఉందా, బీమా ఎప్పటిదాకా అన్నీ తెలుస్తాయి. వాటికి తోడు సర్వీస్ సెంటర్ రికార్డు. దానికి తోడు డీలర్‌తో సంబంధం లేని మెకానిక్. మా వైపు ఒక మెకానిక్ మొదట బానెట్ తెరవడు. చల్లారిన ఇంజను స్టార్ట్ చేయించి, పక్కన నిలబడి ఊరికే వింటాడు. "కాగజ్ పే సబ్ అచ్ఛా హై సాహబ్, గాడీ కుఛ్ ఔర్ బోల్ రహీ హై" అంటాడు. కాగితం మీద అంతా బాగుంది, బండి మాత్రం ఇంకేదో చెబుతోందని. ఆయనకిచ్చే రుసుము వారంటీ ధరలో చిన్న ముక్క.

ఇప్పుడు మొదట్లో ఆపిన చిక్కు. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో కారుకి కిలోమీటర్లతోపాటు కాలపు లెక్క ఇంకోటి ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఇచ్చిన ఉత్తర్వులను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు ఇక్కడ తిరగకూడదు. ఘజియాబాద్ కూడా అందులోనిదే. 2025 జులై 1న ఢిల్లీ బంకుల్లో అలాంటి బళ్లకి ఇంధనం పోయొద్దన్నారు, గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజులకే ఆపేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబరులో ఆ రక్షణని బీఎస్ 4, ఆపై బళ్లకే పరిమితం చేసింది. ఏడాది తిరక్కుండా ఇన్ని మలుపులు! మీరు కొనే డీజిల్ బండి వయసు ఎనిమిదేళ్లయితే, దానికి రెండేళ్ల వారంటీ అమ్మజూపితే, ఇంజను బాగానే ఉండి బండి రోడ్డెక్కలేని రోజు రావచ్చు. ఆ నష్టానికి ఏ వారంటీ కంపెనీ పూచీ ఉండదు. ఇక్కడ డీజిల్ బండి చవగ్గా వస్తోందంటే ధరలో ఆ భయం కలిసే ఉంది.

దీనివల్లే ఢిల్లీ కార్లు దక్షిణాదికి ప్రయాణం కడతాయి. ఇక్కడ అభ్యంతరం లేదనే ఎన్ఓసీ పత్రం తీసుకుని తెలంగాణకో ఆంధ్రాకో తోలుకుపోయి, అక్కడ పన్ను కట్టి, నంబరు మార్పించుకునేవాళ్లున్నారు. మనవాళ్లు బదిలీ మీద వెళుతూ తాము వాడిన కారు వెంట తీసుకెళ్లడం మామూలే. అప్పుడు ఈ వారంటీ ఏమవుతుంది? తయారీ కంపెనీదైతే హైదరాబాద్‌లోనైనా కాకినాడలోనైనా వాళ్ల సర్వీస్ సెంటర్‌లో చెల్లుతుంది. డీలర్ ఇచ్చింది వాళ్ల గ్యారేజీలో మాత్రమే చెల్లొచ్చు, ఆ గ్యారేజీ ఘజియాబాద్‌లో ఉండొచ్చు. నిడదవోలులో గేర్‌బాక్సు మొరాయిస్తే ఎన్ని వేలు పెట్టి ట్రక్కెక్కించి తెస్తారు? రెండేళ్లలో వెళ్లిపోయే ఆలోచన ఉన్నవాళ్లు "ఏ ఊళ్లో చెల్లుతుంది" అన్న గడిని ధర కంటే ముందు చూడాలి.

డబ్బు లెక్క పెద్దదేం కాదు. పదిహేను వేలు, పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 17,700. మీరు భయపడే మరమ్మతు 60,000 అనుకోండి. ఆ ఏడాదిలో అది రావడానికి నూటికి ముప్ఫై వంతుల అవకాశం ఉంటే తప్ప ఆ ధర గిట్టదు. అదీ వాళ్లు ఆ 60,000 మొత్తం ఇస్తేనే. సర్వీసు రికార్డు సరిగా ఉన్న అయిదేళ్ల పెట్రోలు, మాన్యువల్ గేరు చిన్న కారుకి నూటికి ముప్ఫై వంతులు పెద్ద మరమ్మతు వచ్చేట్టుంటే అసలు దాన్ని కొనకూడదు. కన్సూమర్ రిపోర్ట్స్ అనే అమెరికా పత్రిక పదేళ్లకి ముందే తన చందాదారులని అడిగితే, కారు పొడిగింపు వారంటీ కొన్నవాళ్లలో 55 శాతం దాన్ని ఒక్కసారీ వాడలేదు. వాడినవాళ్లలో కూడా సగటున కట్టినదే ఎక్కువ, మిగిల్చుకున్నది తక్కువ. ఆ ఊరు వేరు, కార్లు వేరు, నిజమే. కానీ ఏ ఊళ్లోనైనా వారంటీ అమ్మేవాడు లాభానికే అమ్ముతాడు.

అయితే లెక్క ఒక్కటే అన్నీ తేల్చదు. ఉన్నట్టుండి లక్ష రూపాయలు బయటకి తీయాల్సి వస్తే ఇల్లు తలకిందులయ్యేవాళ్లుంటారు. సగటున నష్టమని తెలిసినా, ఆ దెబ్బ తగలకుండా ఉండటానికి కొంత కట్టడం వాళ్లకి తెలివైన పనే. జీతం బాగా ఉండి, బ్యాంకులో నాలుగు డబ్బులున్నవాడు అదే 17,700 ఒక పక్కన పెట్టుకుని అవసరమైతే వాడుకోవచ్చు. ఆ సొమ్ముకి క్లచ్ ప్లేటూ అర్హమే, బ్యాటరీ కూడా అర్హమే. ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది.

మొన్నామధ్య మా స్నేహితుడి కొడుకు, సెక్టర్ 62లో ఉద్యోగం, రెండు కార్ల కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. "బాబాయ్‌గారూ, రెండిట్లోనూ వారంటీ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?" ఒకటి ఇందాక చెప్పినలాంటి చిన్న పెట్రోలు కారు. ఇంకోటి టర్బో ఇంజను, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరు ఉన్న పెద్ద బండి. రెండోదానిమీద మనసు పడ్డాడని మాటల్లోనే తెలిసిపోతోంది. "చిన్నదానికి అక్కర్లేదు బాబూ. పెద్దదానికి వారంటీ లేకుండా కొనకు" అన్నాను. ఆ గేర్‌బాక్సులో మెకట్రానిక్స్ అనే నియంత్రణ భాగం ఒక్కటి పోతే బిల్లు లక్ష దాటే సందర్భాలున్నాయి. అలాంటి యంత్రం దగ్గర వారంటీకి నిజమైన విలువ ఉంటుంది. తీరా కాగితం చదివితే గేర్‌బాక్సు ఉంది, గేర్‌బాక్సుని నడిపే ఎలక్ట్రానిక్ భాగాలు మినహాయింపుల్లో ఉన్నాయి. ఏడాదికి మొత్తం పరిమితి 40,000. "అంటే భయపడాల్సింది తప్ప అన్నీ ఉన్నాయన్నమాట" అన్నాడు వాడే. ఆ భాగానికి పూచీ ఉంటుందని మెయిల్లో రాసివ్వమని డీలర్‌ని అడగమన్నాను. అడిగాడు. ఫోన్లు చాలా వచ్చాయట, మెయిలు మాత్రం రాలేదు. ఆ బండి వదిలేశాడు.

అలాగని ఆటోమేటిక్‌లన్నీ ఒకటి కావు. మామూలు గేర్‌బాక్సుకి మోటారు తగిలించిన ఏఎంటీ వేరు, దాని మరమ్మతు అంత బెదిరించేది కాదు. సీవీటీ వేరు, రెండు క్లచ్‌లది వేరు. కారు అమ్మే అబ్బాయి అన్నిటినీ ఆటోమేటిక్ అనే అంటాడు. ఏదో కనుక్కుని, దాని అతి ఖరీదైన భాగం పేరు రాసుకుని, ఆ పేరు కాగితంలో ఏ పేజీలో ఉందో వెతకండి. చేర్చినవాటిలోనా, మినహాయించినవాటిలోనా? వెతకడానికి పది నిమిషాలు చాలు. మన దేశం వదిలిపోయిన కంపెనీ కారైతే ఇంకో ప్రశ్న కూడా వేయాలి. షెవర్లే అమ్మకాలు 2017లో ఇక్కడ ఆగిపోయాయి, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. సర్వీసు నడుపుతామన్నాయి, నడుపుతున్నాయి కూడా. అయినా భాగం దొరక్క కారు నెలల తరబడి గ్యారేజీలో ఉంటే వారంటీ దానికేమైనా ఇస్తుందా అని అడగండి. ఇవ్వదనే జవాబు రావచ్చు, అది ముందే తెలిసి ఉండాలి.

వారంటీ హడావిడిలో బీమా బదిలీ మర్చిపోవడం ఇంకో ముచ్చట. కారు మీ పేరుకి మారాక పద్నాలుగు రోజుల్లో బీమా మార్చమని దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఈలోగా మీ బండి ఎవరినైనా గుద్దితే పాత పాలసీ ఆదుకుంటుంది, మీ సొంత బండి నష్టానికి మాత్రం ఆదుకోదు. ఇది సుప్రీంకోర్టు 1995లోనే చెప్పిన మాట. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ వాడితోనే పోతుంది, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. ఆ డబ్బు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

సరే, వారంటీ తీసుకున్నారు, క్లెయిము తిరస్కరించారు. అప్పుడేం చేయాలి? తిరస్కరణ ఏ షరతు ప్రకారమో రాసివ్వమని అడగండి. పాడైన భాగాన్ని పారేయనివ్వకండి, ఫొటోలు తీయండి, వీలైతే ఇంకో మెకానిక్ చేత చూపించి కారణం రాయించుకోండి. కొనే రోజు వాట్సాప్‌లో వాళ్లు పంపిన సందేశాలు, ప్రకటనలు చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. కేసు వేయాల్సి వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లాలోనే, అంటే ఘజియాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. డీలర్ గుడ్‌గావ్‌లో ఉన్నాడని అక్కడికి తిరగక్కర్లేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు తిరస్కరించిన రోజు నుంచే నడవడం మొదలవుతాయి, కాబట్టి ఆ మెయిలు తేదీతో సహా దాచుకోండి.